దెయ్యం కథ వెనుక

పాఠ్యభాగ ఉద్దేశం

దెయ్యాల కథలు వినకుండా పెరిగిన వారు మనలో అరుదు. వాటిని నమ్మేవారు కొందరైతే, నవ్వి ఊరుకొనేవారు మరికొందరు. ఈ రెండింటికీ భిన్నమైన మూడవ మార్గమొకటి ఉన్నది. అది ఆ కథ ఎక్కడ పుట్టినదో, ఎందుకు పుట్టినదో, దాని వెనుక జరిగినదేమిటో విచారించి తెలుసుకొనే మార్గం. ఒక చారిత్రక హోటలును ఆశ్రయించుకొని ఉన్న దెయ్యం కథను ఉదాహరణగా తీసుకొని, ఆ మార్గంలో ఎలా నడవవచ్చునో విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తిరువూరు ప్రాంతంలో వేణుగోపాలస్వామి ఆలయానికి పేరుపొందిన నెమలి వంటి గ్రామాలలో గాని, మరే తెలుగు పల్లెలో గాని, పొద్దుగూకిన తరువాత పెద్దలు పిల్లలకు చెప్పే మాట ఒకటున్నది. ఊరి చివరి చింతచెట్టు కిందికి పోవద్దనీ, పాడుపడిన బావి వైపు తొంగి చూడవద్దనీ వారు హెచ్చరిస్తారు. పల్లెలలోనే కాదు, పట్టణాలలోనూ ఇటువంటి మాటలు వినిపిస్తాయి. గోల్కొండ కోటలో రాత్రివేళ తారామతి గజ్జెల చప్పుడు వినవచ్చునని చెప్పేవారు నేటికీ ఉన్నారు. పాత బంగళాలు, సత్రాలు, కోటలు, హోటళ్ళు ఈ కథలకు నెలవులు. ఎందరో వచ్చి, కొన్నాళ్ళుండి, వెళ్ళిపోయిన చోట్లు కాబట్టి, వెళ్ళిపోయిన వారిలో ఒకరు ఇంకా అక్కడే ఉన్నారని ఊహించడం మనిషికి సులభం.

మన ఊరి చింతచెట్టు కథను విచారించబూనితే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ చెట్టు కింద ఎవరు మరణించారో, ఏ సంవత్సరంలో మరణించారో, ఎలా మరణించారో వ్రాసి పెట్టిన వారుండరు. అందువలన పత్రికలలోనూ, న్యాయస్థానంలోనూ నమోదైన ఒక కథను పరిశీలించడం మేలు. అటువంటి కథ మనకు హిమాలయ పాదసీమలో, ముస్సోరీ పట్టణంలోని సవాయ్ హోటలులో లభిస్తున్నది.

ముస్సోరీ మన విద్యార్థులకు తెలియని పేరు కాదు. ఐ.ఏ.ఎస్. పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి శిక్షణ ఇచ్చే జాతీయ పరిపాలనా అకాడమీ ఉన్నది అక్కడే. సముద్రమట్టానికి సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణం ఆంగ్లేయుల కాలంలో వేసవి విడిదిగా వెలసినది. 1900లో డెహ్రాడూన్ వరకు రైలుమార్గం వచ్చిన తరువాత అక్కడికి రాకపోకలు పెరిగాయి. లక్నోలో న్యాయవాదిగా పేరుపొందిన లింకన్ అనే ఆయన ఒక పాత పాఠశాల స్థలాన్ని కొని, 1902లో అక్కడ సవాయ్ హోటలును ప్రారంభించాడు. అప్పటికి కొండపైకి మోటారు బాట లేదు. పియానోలు, బిలియర్డ్స్ బల్లలు, బరువైన సామానంతా ఎద్దుబండ్ల మీద, కూలీల భుజాల మీద పైకి చేరినవి. 1905లో వచ్చిన కాంగ్‌డా భూకంపంలో ఆ భవనం దెబ్బతిన్నది. మరమ్మతుల తరువాత మరల తెరుచుకొని, సంపన్నుల విందులకూ నృత్యాలకూ నిలయమైనది.

ఆ హోటలులో 1911వ సంవత్సరం సెప్టెంబరు నెలలో ఒక మరణం సంభవించినది. ఫ్రాన్సెస్ గార్నెట్ ఆర్మ్ అనే ఆంగ్ల వనిత తన గదిలో మంచంపై విగతజీవిగా కనిపించినది. గది తలుపు లోపలి నుండి గడియ వేసి ఉన్నది. ఆమె తనతోపాటు ఈవా మౌంట్‌స్టీఫెన్ అనే స్నేహితురాలితో ఆ వేసవిలో ముస్సోరీకి వచ్చినది. మరణానికి కొన్ని రోజులు ముందుగానే స్నేహితురాలు కొండ దిగి వెళ్ళిపోయినది. వైద్యులు శవపరీక్ష జరిపి, మరణానికి కారణం ప్రసిక్ ఆమ్లమనే విషమని తేల్చారు. హైడ్రోసయనిక్ ఆమ్లమని మీరు రసాయనశాస్త్రంలో చదువుకొనేది దానినే. ఈ విషం అతి త్వరగా ప్రాణం తీస్తుంది. కాని ఆమె దేహం మంచంపై ఎవరో సర్ది పడుకోబెట్టినట్లుగా ఉన్నదని నాటి కథనాలు పేర్కొన్నాయి. ఈ వైరుధ్యం అందరినీ ఆలోచింపజేసినది.

ఈ ఇద్దరు స్త్రీలకూ ఒక అలవాటుండేది. వారు చనిపోయిన వారి ఆత్మలను పిలిచి మాట్లాడవచ్చునని నమ్మేవారు. స్ఫటిక గోళంలోనికి చూచి భవిష్యత్తు చెప్పే విద్యపై వారికి ఆసక్తి. ఆ కాలంలో ఇది వారిద్దరికే పరిమితమైన వింత కాదు. 1848లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఫాక్స్ అనే ఇంటిపేరు గల అక్కచెల్లెళ్ళు, తాము ప్రశ్నలడిగితే ఆత్మలు టకటకమని చప్పుడు చేసి సమాధానం చెబుతున్నాయని ప్రకటించారు. ఆ నమ్మకం అమెరికా నుండి ఐరోపాకు, అక్కడి నుండి ఆంగ్లేయులు నివసించిన ప్రతి దేశానికి వ్యాపించినది. వారిలో ఒకరైన మార్గరెట్, తాను కాలివేళ్ళ కీళ్ళను విరిచి ఆ చప్పుడు చేసేదాననని 1888లో బహిరంగ సభలో ఒప్పుకొన్నది. అయినప్పటికీ నమ్మినవారిలో అనేకులు నమ్మకాన్ని విడువలేదు. షెర్లాక్ హోమ్స్ పాత్రను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ అంతటివాడు సైతం తరువాతి కాలంలో ఈ విశ్వాసానికి ప్రచారకుడైనాడు.

పోలీసులు అనుమానించినది ఈవా మౌంట్‌స్టీఫెన్‌ను. అజీర్తితో బాధపడే ఆర్మ్ తరచుగా సోడియం బైకార్బొనేట్ పుచ్చుకొనేది. ఆ మందులో విషం కలిపి, స్నేహితురాలి మనస్సుపై తనకు గల పట్టుతో దానిని ఆమె సేవించేటట్లు చేసి, తాను దూరంగా ఉండగానే ఈవా ఈ హత్య జరిపించినదని అభియోగం. ఒక వ్యక్తి మరొకరి మనస్సును దూరం నుండి నడిపించి చంపవచ్చునా అన్న ప్రశ్న భారతదేశంలోని ఆంగ్లేయుల పత్రికలన్నింటినీ ఆకర్షించినది. ముస్సోరీలో వదంతులకు అంతులేకపోయినది. ఇంటిపైకప్పు మీదుగా ఎవరో పారిపోతుండగా చూచామన్నవారు కూడా బయలుదేరారు.

1912లో అలహాబాదులో విచారణ జరిగినది. లోకాభిప్రాయం ఏమైనప్పటికీ న్యాయాలయానికి కావలసినది సాక్ష్యం. మందులో విషాన్ని ఈవా కలిపినదనడానికి సాక్ష్యం లభించలేదు. ఆమెను నిర్దోషిగా విడుదల చేశారు. ఆ మరణం వెనుకనున్న నిజం బహుశా ఎన్నటికీ తెలియకపోవచ్చునని ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయపడినట్లు చెబుతారు. తరువాత ఆర్మ్ వ్రాసిన వీలునామా ప్రకారం ఆస్తి తనకు చెందాలని ఈవా కోరగా, మృతురాలి బంధువులు అభ్యంతరం తెలిపారు. ఆ వ్యాజ్యంలో ఈవా ఓడిపోయినది. హత్యానేరం నుండి విముక్తి పొందినా అనుమానం నుండి ఆమెకు విముక్తి కలుగలేదు.

దెయ్యం కథ ఇక్కడ మొదలైనది. అర్ధరాత్రి హోటలు వసారాలలో ఆర్మ్ తిరుగుతుంటుందనీ, తనను చంపిన వారి కోసం వెదకుతుంటుందనీ చెప్పుకోసాగారు. గమనించండి. దెయ్యం వెదుకుతున్నదని చెప్పే ప్రశ్నా, న్యాయస్థానం జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నా ఒక్కటే. హంతకుడెవరో తెలిసి, శిక్షపడి ఉంటే ఆమె దెయ్యమై తిరుగవలసిన అవసరం కథకులకు కలిగేది కాదు. జవాబు దొరకని ప్రశ్నను మనుషులు విడిచిపెట్టలేరు. విచారణ ఆగిపోయిన చోట కథ పుట్టి, మిగిలిన పనిని దెయ్యానికి అప్పగిస్తుంది.

ఆ తరువాత జరిగినది మరింత ఆసక్తికరం. 1920లో అగాథా క్రిస్టీ తన తొలి నవలను ప్రచురించినది. అందులో ఒక ధనిక స్త్రీ తాళం వేసిన గదిలో విషం వలన మరణిస్తుంది. ఆ విషం స్ట్రిక్‌నైన్. ఆమె ప్రతిదినం పుచ్చుకొనే బలవర్ధక ఔషధంలో అది కొద్ది మాత్రంగా ఉంటుంది. ఎవరో ఆ సీసాలో బ్రోమైడు కలుపుతారు. దానితో స్ట్రిక్‌నైన్ కరగని రూపం పొంది అడుగున పేరుకొంటుంది. సీసాలోని చివరి మోతాదులో విషమంతా ఒక్కసారిగా లోనికి వెళ్తుంది. హంతకుడు అప్పటికి ఎంతో దూరంలో ఉంటాడు. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసిన వ్యక్తి. ఇటువంటి రసాయన చర్యలు ఆమెకు అక్కడ పరిచయమయ్యాయి.

సవాయ్ మరణమే ఆ నవలకు ప్రేరణ అని అనేకులు వ్రాశారు. రెండు కథలకూ పోలిక ఉన్న మాట నిజమే. కాని నేడు ఆ హోటలు దెయ్యం గురించి చెప్పే కథనాలను చదివితే మరొక విశేషం కనబడుతుంది. వాటిలో చాలావరకు ఆర్మ్ స్ట్రిక్‌నైన్ వలన మరణించినదని ఉంటుంది. శవపరీక్షలో తేలినది ప్రసిక్ ఆమ్లం. నవలలోని విషం కథకుల నోట పడి, నిజంగా జరిగిన మరణంలోనికి ప్రవేశించినది. మరణం నుండి నవల పుట్టినదో లేదో గాని, నవల మాత్రం ఆ మరణాన్ని మార్చివేసినది. నోటి నుండి నోటికి సాగే కథ ఎలా పెరుగుతుందో, కొత్త సరుకును ఎక్కడి నుండి తెచ్చుకొంటుందో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఈ రెండు విషాలూ విదేశీ కథలకు చెందినవని భావించనక్కరలేదు. రెండూ మన నేలలో ఉన్నవే. వర్షాలు లేక వాడిన లేత జొన్న పైరును మేసిన పశువు కొద్దిసేపటిలోనే రొప్పుతూ కూలబడుతుంది. మన రైతులు దీనిని నాము తగలడమంటారు. ఆ లేత ఆకులలోని ఒక పదార్థం పశువు కడుపులో విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నప్పటికీ దానిని కణాలు వినియోగించుకోలేకపోవడమే మరణానికి కారణం. పశువైద్యులు సకాలంలో సోడియం థయోసల్ఫేట్ ఇచ్చి అటువంటి పశువులను కాపాడుతున్నారు. ఇక స్ట్రిక్‌నైన్ లభించేది మన అడవులలో పెరిగే ముష్టి చెట్టు గింజల నుండి. కారణం తెలియని రోజులలో, ఉదయం వరకు ఆరోగ్యంగా ఉన్న ఎద్దు మధ్యాహ్నానికి మరణిస్తే, దిష్టి తగిలినదనో, ఎవరో చేతబడి చేశారనో అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది? కారణం తెలిసిన తరువాత రైతు మంత్రగాని వద్దకు పోడు. పూతకు రాని పైరు వైపు పశువును పోనీయకుండా జాగ్రత్తపడతాడు.

దెయ్యాన్ని కళ్ళారా చూచామనీ, చప్పుడు చెవులారా విన్నామనీ చెప్పేవారి మాటేమిటి? వారందరూ అబద్ధమాడుతున్నారని అనడం న్యాయం కాదు. అనుభవం నిజమై ఉండవచ్చును. దానికి వారు చెప్పుకొన్న కారణం పొరపాటు కావచ్చును. సవాయ్ వంటి పాత భవనాలలో కలప వాడకం అధికం. పగటి ఎండకు వ్యాకోచించిన దూలాలూ బల్లలూ రాత్రి చలికి సంకోచిస్తూ చప్పుడు చేస్తాయి. నిశ్శబ్దంగా ఉన్న కొండప్రాంతంలో అది అడుగుల చప్పుడులా తోస్తుంది. నిద్రకూ మెలకువకూ మధ్య కొందరికి మనస్సు మేల్కొని శరీరం కదలని స్థితి కలుగుతుంది. ఎవరో ఛాతీపై కూర్చున్నట్లు, గదిలో ఎవరో నిలుచున్నట్లు ఆ కొద్ది క్షణాలు అనిపిస్తుంది. వైద్యశాస్త్రం దీనిని చక్కగా వివరించినది.

గాలి సోకని గదులలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. 1921లో అమెరికాకు చెందిన కంటివైద్యుడు విల్మర్ ఒక కుటుంబం అనుభవాన్ని వైద్యపత్రికలో ప్రచురించాడు. వారు ఒక పాత ఇంటిలో చేరిన తరువాత రాత్రులందు అడుగుల చప్పుళ్ళు వినసాగారు. వింత ఆకారాలు కనిపించసాగాయి. పిల్లలు పాలిపోయారు. పరిశీలించగా ఇంటిని వెచ్చజేసే కొలిమి చెడిపోయి, దాని నుండి కార్బన్ మోనాక్సైడు గదులలోనికి వ్యాపిస్తున్నదని తేలినది. కొలిమిని బాగుచేయగానే దెయ్యం పోయినది. మరి కొన్నాళ్ళు ఆ ఇంటిని దెయ్యాల కొంప అనుకొంటూ ఊరుకొని ఉంటే ఆ కుటుంబమే మిగిలేది కాదు. చలికాలంలో తలుపులు బిగించుకొని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొనేవారికి నేటికీ ఈ ప్రాణాపాయం తప్పదు. ఇంగ్లాండులో విక్ టాండీ అనే ఇంజనీరు తన ప్రయోగశాలలో ఒక బూడిదరంగు ఆకారం కనబడగా భయపడి, తరువాత విచారించి, కొత్తగా అమర్చిన పంకా నుండి వచ్చే 19 హెర్ట్జుల ధ్వని దానికి కారణం కావచ్చునని 1998లో ప్రకటించాడు. మన చెవికి వినిపించనంత తక్కువ పౌనఃపున్యం గల ధ్వని అది. ఆయన వివరణపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా భయం కలిగిన చోటనే నిలిచి, కొలిచి చూచిన ఆయన పద్ధతి ఆదర్శప్రాయం.

దెయ్యం కథ వలన కలిగే మరొక నష్టాన్ని కూడా గుర్తించాలి. అది నిజమైన చరిత్రను కప్పివేస్తుంది. 1920లో జవహర్‌లాల్ నెహ్రూ తన తల్లి, భార్యల ఆరోగ్యం కోసం ముస్సోరీకి వచ్చి ఇదే సవాయ్ హోటలులో బస చేశాడు. అప్పుడు ఆంగ్ల ప్రభుత్వంతో సంధి చర్చలకు వచ్చిన ఆఫ్ఘన్ రాయబారులు కూడా అక్కడే దిగారు. వారితో ఎటువంటి సంబంధం పెట్టుకోనని వ్రాసి ఇవ్వవలసినదిగా పోలీసు అధికారి నెహ్రూను కోరాడు. ఆయనకు వారితో పరిచయం లేదు. అయినా అటువంటి హామీ ఇవ్వడానికి నిరాకరించాడు. ఫలితంగా ఆయనను ముస్సోరీ నుండి బహిష్కరించారు. అలహాబాదుకు తిరిగి వచ్చిన ఆయనను అక్కడ ప్రతాప్‌గఢ్ ప్రాంతం రైతులు కలుసుకొని, తమ గ్రామాలకు రమ్మని ప్రాధేయపడ్డారు. పల్లె ప్రజల పేదరికాన్ని ఆయన కన్నులారా చూచినది ఆ ప్రయాణంలోనే. ఇంతటి సంఘటనకు వేదికైన హోటలును గురించి అడిగితే, అనేకులు మొదట చెప్పేది దెయ్యం మాట.

హోటలులోని దెయ్యం యాత్రికులకు వినోదం. కొందరు దానిని చూడాలనే కోరికతో గది తీసుకొంటారు. పల్లెలలో ఆ నమ్మకం వినోదంతో ముగియదు. రోగం వచ్చినా, పశువు చచ్చినా, ఇంటిపై రాళ్ళు పడినా, దీనికి కారకులెవరన్న ప్రశ్న బయలుదేరుతుంది. అప్పుడు వేలు చూపేది చనిపోయినవారి వైపు కాదు, బ్రతికి ఉన్నవారి వైపు. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో పళ్ళు ఊడగొట్టడం, కొట్టి చంపడం, సజీవంగా దహనం చేయడం వంటి ఘోరాలు తెలుగునాట జరిగాయి. బలయ్యేవారు తరచుగా ఒంటరి స్త్రీలు, వృద్ధులు, పేదలు. దూరం నుండి మనస్సును నడిపి చంపినదని ఈవా మౌంట్‌స్టీఫెన్‌పై మోపిన నేరానికీ, దూరం నుండి మంత్రం వేసి చంపినదని పల్లెలో ఒక వితంతువుపై వేసే నిందకూ భేదం స్వల్పమే. ఈవాకు ఒక న్యాయవాది, ఒక న్యాయస్థానం, సాక్ష్యం ఏదని అడిగిన ఒక న్యాయమూర్తి లభించారు. పల్లెలోని ఆ స్త్రీకి ఆ రాత్రి ఎవరూ లభించరు.

ఈ కష్టాన్ని గ్రహించి పనిచేసిన వారిలో కృష్ణా జిల్లాతో గాఢమైన అనుబంధం గల గోపరాజు రామచంద్రరావు ముఖ్యులు. గోరాగా ప్రసిద్ధులైన ఆయన 1902లో జన్మించారు. వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకులు. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో, దెయ్యాలున్నవని అందరూ విడిచిపెట్టిన ఇంటిలో ఆయన కావాలని కాపురమున్నారు. ఏ అపాయమూ కలుగలేదు. ఆయన సహధర్మచారిణి సరస్వతి గోరా గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణ సమయంలో బయట తిరిగి, ఆ భయం నిరాధారమని నిరూపించారు. తన భావాల కారణంగా గోరా కళాశాల ఉద్యోగాన్ని కోల్పోవలసి వచ్చినది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడకు తరలినది. తరువాతి కాలంలో ఆ సంస్థకు చెందిన వారు వైద్యులతో కలిసి మెదక్ ప్రాంతం పల్లెలలో తిరిగి, బాణామతి సోకినదని చెప్పబడే వారిని పరీక్షించారు. వారిలో కనిపించినవి రోగాలూ మానసిక వేదనలేనని ప్రజలకు వివరించారు. కేరళలో జన్మించి శ్రీలంకలో స్థిరపడిన అబ్రహాం కోవూరు కూడా వృక్షశాస్త్ర అధ్యాపకులే. దెయ్యాలున్నవని పేరుపడిన ఇళ్ళను అనేకం పరిశీలించి, రాళ్ళు విసిరినది ఆ ఇంటిలోని వారేననీ, తరచుగా అది తమ బాధ చెప్పుకొనే దారిలేని వారి చర్య అనీ ఆయన వెల్లడించారు. వారిని నిందించకుండా, వారి బాధను తెలుసుకొని తీర్చడానికి యత్నించడం ఆయన చేసిన మహోపకారం. శాస్త్రీయ దృక్పథాన్నీ, మానవతనూ, విచారించి తెలుసుకొనే తత్త్వాన్నీ పెంపొందించుకోవడం ప్రతి పౌరుని విధి అని మన రాజ్యాంగం 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన 51ఎ అధికరణం చెబుతున్నది. గోరా దంపతులు అంతకు దశాబ్దాల ముందే ఆ విధిని తమ ఇంటిలో పాటించి చూపారు.

మన భాష ఈ విషయంలో మనకు ఒక సూచన ఇస్తున్నది. దయ్యమనే మాట దైవమనే సంస్కృత పదానికి వికృతి. భూతమనే మాటకు గతించినది అనే అర్థమున్నది. అందుకే గడచిన కాలాన్ని భూతకాలమంటున్నాం. భూతం కథ వినిపించిన ప్రతిచోటా భూతకాలంలో ఏమి జరిగినదో అడగడం మన కర్తవ్యం. ఊరి చివరి చింతచెట్టు కింద దెయ్యమున్నదని మీ నాయనమ్మగారు చెప్పినప్పుడు ఆమెను ఎగతాళి చేయకండి. అక్కడ మరణించినవారెవరని మర్యాదగా అడగండి. కరవుకో, కలరాకో, ఇంటి హింసకో బలియైన ఒక మనిషి పేరు ఆమె నోట రావచ్చును. పాడుబావి కథ వెనుక, ఆ బావిలో దూకవలసి వచ్చిన ఒక కోడలి కన్నీరు ఉండవచ్చును. ఆమెను తలచుకొని భయపడడం కన్న, ఆమెకు జరిగిన అన్యాయం మరొకరికి జరుగకుండా చూడడం మనం చేయగల పని.

కఠిన పదాలకు అర్థాలు

నెలవు = స్థానం
విగతజీవి = ప్రాణం పోయినది
వైరుధ్యం = పరస్పర విరోధం
అభియోగం = నేరారోపణ
వ్యాజ్యం = దావా
వసారా = గదుల ముందున్న నడవ
నాము = లేత జొన్న మేసిన పశువుకు కలిగే విషప్రభావం
వ్యాకోచించు = పరిమాణంలో పెరుగు
సంకోచించు = పరిమాణంలో తగ్గు
పౌనఃపున్యం = ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
బాణామతి = చేతబడి

అభ్యాసం

అ) సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. విచారణ ఆగిపోయిన చోట కథ పుట్టి, మిగిలిన పనిని దెయ్యానికి అప్పగిస్తుంది.
2. కొలిమిని బాగుచేయగానే దెయ్యం పోయినది.
3. పల్లెలోని ఆ స్త్రీకి ఆ రాత్రి ఎవరూ లభించరు.

ఆ) సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. ఈవా మౌంట్‌స్టీఫెన్‌పై మోపిన అభియోగమేమిటి? న్యాయస్థానం ఆమెను ఎందుకు విడుదల చేసినది?
2. నవలలోని విషం సవాయ్ హోటలు కథలోనికి ఎలా ప్రవేశించినది?
3. నెహ్రూను ముస్సోరీ నుండి ఎందుకు బహిష్కరించారు? దాని ఫలితమేమిటి?

ఇ) సమగ్ర సమాధానాలు వ్రాయండి.
1. దెయ్యాన్ని చూచామనే వారి అనుభవాలకు పాఠంలో చెప్పిన కారణాలను వివరించండి.
2. దెయ్యాలపై నమ్మకం బ్రతికి ఉన్నవారికి ఎలా హాని కలిగిస్తుందో పాఠం ఆధారంగా చర్చించండి.

ఈ) సంధుల పేర్లు తెలిపి విడదీయండి.
న్యాయాలయం, ప్రాణాపాయం, మహోపకారం, లోకాభిప్రాయం

ఉ) చేసి చూడండి.
మీ గ్రామంలో ప్రచారంలో ఉన్న ఒక దెయ్యం కథను ముగ్గురు పెద్దల ద్వారా విడివిడిగా విని వ్రాసుకోండి. ముగ్గురి మాటలలో ఏయే అంశాలు ఒక్కటిగా ఉన్నవో, ఏయే అంశాలు మారినవో పట్టికగా రూపొందించి తరగతిలో చదివి వినిపించండి. బ్రతికి ఉన్న వ్యక్తులను నిందించే మాటలుంటే వారి పేర్లను వ్రాయవద్దు.